సోమవారం పొద్దుటి కొలత

మా ఆయన తొడ చుట్టుకొలత పెళ్ళికి ముందే నాకు తెలుసు. ఇరవై రెండు ఇంచులు. బుగ్గలు నొక్కుకోకండి. పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం వచ్చిన కొత్తలో యూనిఫాం కుట్టించుకోవడానికి మా నాన్న షాపుకి వచ్చాడు. నాన్న టేపు పట్టి నెంబర్లు చెబుతుంటే నోటుబుక్కులో రాసుకున్నది నేను. ‘ఇరవై రెండా! మనిషా, స్తంభమా?’ అనుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండా ఆ స్తంభానికే కట్టేశారు నన్ను.

ఆ తొడలు ఊరికే రాలేదు. పాతికేళ్ళు సంచి భుజానికి తగిలించుకుని ఎక్కని మెట్టు లేదు, తొక్కని గడప లేదు. లిఫ్టు ఉన్న బిల్డింగులో కూడా మెట్లెక్కే వెళ్ళేవాడు. అదేమంటే, లిఫ్టు కోసం నిలబడ్డంతసేపట్లో రెండు అంతస్తులు ఎక్కెయ్యొచ్చనేవాడు. అలాంటి మనిషికి కిడ్నీలు పోయాయి. రెండేళ్ళుగా సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. ఎడమచేతిలో రెండు లావుపాటి సూదులు గుచ్చి, ఒంట్లో రక్తమంతా మిషనులోకి లాగి, కడిగి, మళ్ళీ ఎక్కిస్తారు. నాలుగు గంటలు కదలకూడదు. ఇంటికొచ్చాక కదల్లేడు. అలా కదలకుండానే తొడలు రెండూ అరిగిపోయాయి. ప్యాంట్లన్నీ నేనే విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, ఇంకా బిగించి కుట్టాను. చివరికి ఆ ప్యాంట్లలో గుడ్డే తప్ప మనిషి లేడు.

నా కిడ్నీ ఆయనకి సరిపోయింది. పాతికేళ్ళ కాపురంలో ఏ ఒక్క విషయంలోనూ మా ఇద్దరికీ కుదిరి చావలేదు, కిడ్నీ మాత్రం కుదిరింది. మాకు పిల్లల్లేరు. ఆయనకి నేను, నాకు ఆయన. రెండిట్లో ఒకటి ఆయనకిచ్చి, మిగిలినదానితో నేను బతుకుతాను, ఇందులో ఆలోచించేదేముంది? సంతకాలు పెడతాను, కాగితాలు తెండి అన్నాను.

సర్జన్ మాత్రం కాగితాలు తీయలేదు. తన గదిలో గోడకి ఆనించిన చెక్క కుర్చీ చూపించాడు. చేతులు లేని కుర్చీ.

“ఇందులో కూర్చుని, చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోమనండి” అన్నాడు.

మా ఆయన ఒకసారి లేచాడు. రెండోసారికి మోకాళ్ళు వణికి కూలబడ్డాడు.

“చూశారుగా. ఇది చాలా పెద్ద ఆపరేషనమ్మా. ఇంత నీరసంగా ఉన్న మనిషిని బల్లమీద పడుకోబెడితే మళ్ళీ లేస్తారని నేను చెప్పలేను. గుండె బాగానే ఉంది, కండే లేదు. మూడు నెలలు టైమిస్తాను. ఐదుసార్లు లేస్తే చేస్తాను.”

అదండీ సంగతి. కుర్చీలోంచి ఐదుసార్లు లేస్తే మా ఆయన బతుకుతాడు. లేవకపోతే వారానికి మూడు రోజులు ఆ సూదులతో, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు.

నడిచి కండ పెంచుకునే ఓపిక ఆయనకి లేదు. అందుకని డయాలసిస్ వార్డులోకి కొత్తగా ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది, చేతిలో చిన్న పెట్టె, నాలుగు జిగురు బిళ్ళలు, వైర్లు పట్టుకుని. రక్తం మిషనులో తిరుగుతున్నంతసేపూ రోగి ఊరికే పడుకుని ఉంటాడు కదా, ఆ టైములో తొడల మీద బిళ్ళలు అంటించి సన్నగా కరెంటు పంపిస్తుంది. కండ దానంతటదే బిగుసుకుంటుంది, వదులవుతుంది. మనిషి శ్రమ పడక్కర్లేదు. వార్డులో అందరూ ఆ పిల్లని కరెంటమ్మాయి అనేవారు. కొందరు భయపడి వద్దన్నారు. మా ఆయన మాత్రం సరదాగా కాళ్ళు చాపాడు.

“ఎంతవరకు ఓర్చుకోగలరో చెప్పండి బాబాయ్, అక్కడ ఆపేస్తాను” అని ఆ అమ్మాయి పెట్టె మీద కరెంటు పెంచే చక్రం తిప్పింది. పది, పదిహేను, ఇరవై. ఇరవై రెండు దగ్గర ఆయన తొడ ఒక్కసారిగా దుప్పటి కింద ఎగిరింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేను కుట్టుమిషను తొక్కేటప్పుడు నా కాలు ఎలా బిగుస్తుందో అచ్చం అలాగే బిగుస్తోంది.

“బాగుందే” అన్నాడు నాకేసి చూసి. “నేను పడుకుంటే నా కాళ్ళు డ్యూటీకెళ్తున్నాయి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది, దాచుకోవడమెందుకు?

మొదటి రోజు మిషను ఆపి సూదులు తీసేశాక కరెంటమ్మాయి టేపు తీసి తొడ కొలవబోయింది. టేపు మెలికపడింది, ఒకపక్క జారింది, అమ్మాయి వేలు మధ్యలో ఇరుక్కుంది. చూడలేక నేనే లాక్కున్నాను. మోకాలి చిప్ప నుంచి జానెడు పైకి గుర్తు పెట్టి, టేపు చర్మాన్ని తాకీ తాకనట్టు చుట్టాను. పదిహేనున్నర.

“అబ్బ, మీ చెయ్యి ఎంత బాగా తిరిగింది పిన్నీ! ఇంక కొలవడం మీదే. వారానికోసారి, మిషను అయిపోయాక ఇలాగే కొలిచి నాకు చెప్పండి, బుక్కులో రాసుకుంటాను” అంది.

మిషను అయిపోయాక. ఆ మాట ఆ పిల్ల స్పష్టంగా చెప్పింది. నేను స్పష్టంగా విన్నాను. తర్వాత ఎవరెన్ని అన్నా ఈ మాట నేను కాదనలేదు.

మా వృత్తిలో ఒక పద్ధతుంది. కొలత పొద్దున్నే తీసుకోవాలి. తిని, తిరిగి, అలిసిపోయిన ఒంటికి కొలత సరిగ్గా రాదని మా నాన్న సాయంత్రం వచ్చినవాళ్ళని తిప్పి పంపేసేవాడు. ముప్పై ఏళ్ళుగా నేనూ అంతే. పైగా డయాలసిస్ అయ్యాక మా ఆయన చచ్చిన పాములా పడి ఉంటాడు, పిక్కలు పట్టేసి మూలుగుతుంటాడు. ఆ మనిషిని లేపి కొలతలేమిటి? ఏ పూట కొలిస్తేనేం, తొడ తొడే కదా అనుకున్నాను. సోమవారం పొద్దున్నే, ఆసుపత్రికి బయలుదేరేముందు, మంచం అంచున కూర్చోబెట్టి కొలిచేదాన్ని.

కిడ్నీలు పనిచెయ్యని మనిషికి తాగిన నీళ్ళు బయటికి పోవు, ఒంట్లోనే నిలుస్తాయి. శుక్రవారం తీసిన నీళ్ళ బదులు శని, ఆదివారాలు చేరిన నీళ్ళు సోమవారం పొద్దుటికి నిండుగా ఉంటాయి. రెండేళ్ళు ఆ వార్డులో కూర్చున్నదాన్ని, ఇది నాకు తెలియదా? తెలుసు. మొహం ఉబ్బితే నీళ్ళని తెలుసు, పాదాలు ఉబ్బితే నీళ్ళని తెలుసు. తొడ లావెక్కితే మాత్రం కండ అనుకున్నాను. కండ కావాలని అంత గట్టిగా ఉంది నాకు.

మొదటి సోమవారం పదిహేనూ ముప్పావు. మూడో సోమవారం పదహారు. నేను వార్డులోకి పరుగున వెళ్ళి చెప్పాను. కరెంటమ్మాయి రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. పాపం, మూడు వార్డులకి ఒక్కతే. టైలరు కొలతని మళ్ళీ కొలిచి చూడాలని ఆ పిల్లకి తోచలేదు. తోచినా నేను ఊరుకునేదాన్నా? నా నోరు సంగతి వార్డంతటికీ తెలుసు.

నాలుగో సోమవారం టేపు పదహారు దగ్గరే ఆగింది. ఐదో సోమవారమూ అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది.

“మీకసలు బతకాలనుందా? ఆ పిల్ల కరెంటు ముప్పై దగ్గరికి పెంచుతానంటే ఇరవై ఆరుకే చాలు చాలు అంటారట! చిన్నపిల్లాడిలా సుకుమారం! నేను కోయించుకోవడానికి సిద్ధంగా కూర్చుంటే మీరు చీమ కుట్టినంత నొప్పికి ఓర్చుకోలేరా?”

నేను ముందుగదిలోకి వెళ్ళి, మిషను ముందు కూర్చుని, కుట్టాల్సిన గుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చాను. వినపడిందనుకోలేదు. మిషను తొక్కుతూనే ఏడ్చాను మరి.

ఆ తర్వాత వారం నుంచి ఒక్క సోమవారం కూడా టేపు నిరాశపరచలేదు. పదహారూ పావు. పదహారున్నర. పదిహేడు. నాకు భూమ్మీద కాళ్ళు నిలవలేదు. టేపు పెరిగిన ప్రతి సోమవారం ఆయన నుదుటి మీద ముద్దు పెట్టేదాన్ని, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

డయాలసిస్ మిషనుకి ఒక లెక్క చెప్పాలి. నీళ్ళన్నీ తీసేశాక ఈ మనిషి ఒంటి బరువు ఇంత ఉండాలని డాక్టరు రాస్తాడు. మిషను ఆ బరువుదాకా నీళ్ళు లాగి ఆగుతుంది. కండ పెరిగితే ఆ బరువూ పెంచాలి, లేకపోతే అవసరమైన నీళ్ళు కూడా లాగేస్తుంది. కరెంటమ్మాయి బుక్కులో నా కొలతలు చూసి కిడ్నీ డాక్టరు సంతోషపడ్డాడు. “బాగా కండ పడుతోందయ్యా” అని ఆ బరువు ఒక కిలో పెంచాడు. మూడు వారాలకి ఇంకో కిలో. అంటే రెండు కిలోల నీళ్ళు ప్రతిసారీ ఆయన ఒంట్లోనే వదిలేశారు, నా మాట మీద.

మెట్లెక్కితే ఆయాసపడేవాడు. పోనీలే, ఎక్కుతున్నాడు కదా అన్నాను. రెండు దిళ్ళు ఎత్తు లేకపోతే పడుకోలేకపోయేవాడు. మెడనొప్పి అన్నాడు, నమ్మాను. బీపీ పెరిగిందంటే నా వల్లే అన్నాడు, వార్డంతా నవ్వింది.

పదకొండో సోమవారం పొద్దున్న టేపు చుట్టాను. పదిహేడున్నర. తలెత్తి చూసేసరికి ఆయన మొహం నీలంగా ఉంది. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. టేపు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆటోలో ఎలా ఎక్కించానో, ఎవరు సాయంపట్టారో నాకు గుర్తులేదు. ఆయన ఛాతీలోంచి వచ్చిన గరగర శబ్దం మాత్రం గుర్తుంది.

వార్డులో ఆక్సిజన్ పెట్టి, మిషనుకి తగిలించి, డాక్టరు దుప్పటి తొలగించాడు. ఆయన తొడ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాడు. వేలు పట్టేంత గుంట పడింది. ఆ గుంట అలాగే ఉండిపోయింది. ఎంతసేపు చూసినా పూడలేదు.

“కొలతలు ఎప్పుడు తీస్తున్నారు?” అని అడిగాడు.

కరెంటమ్మాయి నాకేసి చూసింది. “మిషను అయిపోయాకే సార్. అంతే కదా పిన్నీ?”

“పొద్దున్నే” అన్నాను. “సోమవారం పొద్దున్నే.”

ఆ పిల్ల మొహం పాలిపోయింది. వాపు చూసి బలుపనుకున్నారని లోకంలో ఎందరిని వెక్కిరించానో నేను! పక్కింటావిడ కొడుకు ఉద్యోగం సంగతిలో అన్నాను, మా ఆడపడుచు కట్టిన ఇంటి సంగతిలో అన్నాను. ఆ సామెత పుట్టింది నాకోసమేనని అప్పుడు తెలిసింది.

“తప్పు మీ ఒక్కరిదే కాదమ్మా. నేనూ నొక్కి చూడాల్సింది” అన్నాడు డాక్టరు. మంచివాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగు రోజులు వరసగా మిషను పెట్టి నీళ్ళు లాగారు. ఒక్కోరోజూ ఆయన కాళ్ళు మంచం మీద సన్నబడుతూ వచ్చాయి. ఐదో రోజు కరెంటమ్మాయి తనే కొలిచింది. ఈసారి టేపు మెలిక పడలేదు. పధ్నాలుగూ ముప్పావు. మేం మొదలుపెట్టినప్పటికంటే ముప్పావించి తక్కువ.

“మరి కరెంటు పనిచెయ్యలేదా?” అని అడిగాను.

“ఏమో పిన్నీ. కొంత పట్టి ఉంచిందేమో, లేకపోతే ఇంకా పోయేదేమో. రెండో వారంలోనే తగ్గుతోందని తెలిసుంటే బిళ్ళలు జరిపి చూసేవాళ్ళం, తిండి పెంచేవాళ్ళం, పూటకి పది నిమిషాలైనా కూర్చోబెట్టి కాళ్ళు ఆడించేవాళ్ళం. ఏదో ఒకటి చేసేవాళ్ళం” అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. “మూడు నెలలూ బాగుందనుకుని ఊరుకున్నాం.”

ఆ అమ్మాయి వెళ్ళాక మంచం పక్కన కూర్చుని తల బాదుకున్నాను. నా చేతులు విరిగిపోను, ఈ చేతులతోనే మిమ్మల్ని చంపబోయాను అన్నాను. ఆయన ఆక్సిజన్ గొట్టం పక్కకి జరుపుకున్నాడు.

“ఊరుకోవే. నీ ఒక్కదాని పనే కాదు.”

“మరింకెవరి పని?”

“ఆదివారం సాయంత్రం నువ్వు గుడ్డలు ఇచ్చిరావడానికి వెళ్తావు చూడు. అప్పుడు రెండు గ్లాసులు నీళ్ళు తాగేవాణ్ణి. ఒక్కోసారి మూడు.”

నాకు అర్థం కాలేదు. ఆయనకి రోజు మొత్తానికి ఇన్ని నీళ్ళని నేనే కొలిచి సీసాలో పోసేదాన్ని. నాలుక పిడచకట్టుకుపోతున్నా ఒక్క గుక్క ఎక్కువ తాగని మనిషి.

“దాహమా?” అన్నాను.

“దాహమూ ఉంది. అబద్ధమెందుకు, ఆ నీళ్ళు అమృతంలా ఉండేవి.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “ఆరోజు మిషను తొక్కుతూ ఏడ్చావు. ఏడుస్తూ కుడితే నీ మిషను చప్పుడు వేరేగా ఉంటుంది, పాతికేళ్ళుగా వింటున్నాను. తర్వాతి వారం నీళ్ళు తాగితే టేపు పెరిగింది. నువ్వు నవ్వావు. మళ్ళీ వారం కూడా నవ్వితే బాగుండుననిపించింది.”

“నీళ్ళని తెలిసే తాగారా?”

“తెలుసు. కరెంటు వల్ల కొంతైనా వస్తుందిలే, చివరికి రెండూ కలిసి లెక్క సరిపోతుందిలే అనుకున్నాను. కాళ్ళు ఎగురుతుంటే నేనూ నమ్మానే.”

నేను ఆయన్ని తిట్టాను. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మూర్ఖుడా అన్నాను, పాతికేళ్ళలో మొదటిసారి నువ్వు అని పిలిచాను. నేను నవ్వకపోతే చచ్చిపోతానా, నువ్వు లేకపోతే చచ్చిపోతాను కానీ అన్నాను. వార్డులో జనం తలలు తిప్పి చూశారు. ఆయన నా కొంగు అంచు పట్టుకుని పడుకున్నాడు.

మూడు నెలల గడువు ఆ తర్వాతి గురువారంతో అయిపోయింది. వాయిదా వెయ్యమని అడుగుదామన్నాడు కిడ్నీ డాక్టరు. మా ఆయన వినలేదు. ఏమో, లేస్తానేమో అన్నాడు. ఆ ‘ఏమో’ పట్టుకుని చక్రాల కుర్చీలో తోసుకుంటూ సర్జన్ గదికి వెళ్ళాం. కరెంటమ్మాయి సెలవు పెట్టుకుని మరీ వచ్చింది.

గోడ దగ్గర అదే కుర్చీ. ఇద్దరం పట్టి కూర్చోబెట్టాం. ఆయన చేతులు గుండెల మీద కట్టుకున్నాడు. పాదాలు దగ్గరకి జరుపుకున్నాడు. నాకేసి చూసి కన్నుగీటాడు కూడా. అప్పుడు ముందుకి వంగాడు.

మెడ నరాలు ఉబ్బాయి. దవడ బిగుసుకుంది. ఒంట్లో ఉన్నదంతా కూడదీసుకుని లేవబోయాడు. కుర్చీకీ ఆయనకీ మధ్య కాగితం పట్టేంత సందు వచ్చింది. నేను చూశాను. ప్రమాణం చేసి చెబుతాను, వచ్చింది. మళ్ళీ కూలబడిపోయాడు.

ఇంకోసారి అన్నాడు. ఇంకోసారికి ఆ సందు కూడా రాలేదు. మూడోసారి సర్జన్ చెయ్యి ఎత్తి ఆపాడు.

“వద్దండీ. చాలు.”

“ఒక్క నెల ఇవ్వండి డాక్టరుగారూ” అన్నాను. “మళ్ళీ పెంచుకుంటాం. ఈసారి సరిగ్గా కొలుస్తాం. నేను ముట్టుకోను, ఆ అమ్మాయే కొలుస్తుంది.”

“అలాగేనమ్మా, ఆరు నెలల తర్వాత చూద్దాం” అన్నాడు. నా మొహం చూడకుండా కాగితం మీద ఏదో రాసుకుంటూ అన్నాడు. ఆరు నెలల మాటంటే ఏమిటో ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. కరెంటమ్మాయి గోడవైపు తిరిగింది.

“నాది ఇప్పుడే తీసేసుకోండి. దాచిపెట్టండి. ఆయన లేచినప్పుడు పెడుదురుగాని” అన్నాను.

“అలా దాచడం కుదరదమ్మా. మీది మీ దగ్గరే ఉండనివ్వండి.”

“నేనేం చేసుకోను దాన్ని?” అని అరిచాను. రెండు కిడ్నీలూ నిక్షేపంగా పనిచేస్తున్న ఒళ్ళు వేసుకుని ఆ గదిలో నిలబడ్డాను, సిగ్గుగా.

“పద, ఇంటికెళ్దాం” అన్నాడు మా ఆయన.

చక్రాల కుర్చీ దగ్గరకి లాగాను. నీళ్ళతో నిండి ఉన్నప్పుడు లేపినట్టే లేపబోయాను. కాళ్ళు ఎడంగా పెట్టి, ఆయన చంకల కింద చేతులు వేసి, ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి పైకి లాగాను. ఆయన చివాల్న పైకొచ్చేశాడు. ఏమీ లేడు. నా బలానికి నేనే వెనక్కి తూలిపోయాను. కరెంటమ్మాయి వీపు పట్టుకోకపోతే ఇద్దరం పడిపోయేవాళ్ళం.

ఆయన గడ్డం నా భుజం మీద ఆనించి రొప్పుతున్నాడు. కాళ్ళు నేలకి తాకుతున్నాయి గాని బరువు వాటి మీద లేదు, అంతా నా మీదే ఉంది. ఆ అంతా కూడా ఎంతో కాదు.

“మెల్లగా” అన్నాడు.

మెల్లగానే కూర్చోబెట్టాను.